పాము పెట్టెలో ఎండయు నీడయు



సముద్రములు దాటి అమెరికాలోను, బ్రిటనులోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పిల్లలు కుక్కనో పిల్లినో కోరుటతో తృప్తిపడక, స్నేహితుని యింట చూచిన పామువంటిదానిని తామును పెంచెదమని పట్టుపట్టుట నేడు వింత గాదు. నాగులచవితినాడు పుట్టకు పసుపు కుంకుమలు సమర్పించి దూరమునుండి చేతులు జోడించుటయే యెరిగిన తల్లిదండ్రులకు ఈ కోరిక మొదట గుండె ఝల్లుమనిపించినను, ఆ దేశములలో పాముల పెంపకము చిరకాలముగా సాగుచున్న వ్యాసంగమగుటచేతను, పిల్లలకు అమ్మజూపునవి సాధారణముగా విషము లేనివగుటచేతను, పెక్కుమంది తుదకు అంగీకరింతురు. పాము వచ్చును. దానితోపాటు ఒక గాజుపెట్టెయు, ఒక దీపమో వేడిపలకయో వచ్చును. పెట్టెలో ఎంత వేడిమి యుండవలెనని అడిగినచో అంగడివారు ఒక అంకె చెప్పి పంపుదురు. ఆ ఒక్క అంకెను నమ్మి పెట్టె నంతటిని ఒకే వేడిమిలో నుంచిన యిండ్లలో ఆ మూగజీవి నోరు విప్పి చెప్పుకొనలేక పడు అవస్థయే నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పినది. పామునకు కావలసినది పెట్టెలో ఒక కొననుండి మరియొక కొనవరకు క్రమముగా తగ్గుచు వచ్చు వేడిమియు, అందులో ఆ గడియకు తనకు తగిన చోటిని తానే యెన్నుకొనగల స్వాతంత్ర్యమును. తక్కిన సరంజామా అంతయు ఈ రెండింటి కొరకే.

అమెరికా గృహములలో మిక్కిలి విరివిగా కానవచ్చు బాల్ పైథాన్ అను పామును ఉదాహరణముగా దీసికొందము. బ్రిటనులో దీనిని రాయల్ పైథాన్ అందురు. ఇది మన కొండచిలువకు జ్ఞాతియే కాని పరిమాణమున బహు చిన్నది. పూర్తిగా ఎదిగినది మూడు నాలుగు అడుగులు, మరీ పెద్దదైనచో అయిదడుగులు ఉండును. బెదరినపుడు తలను నడుమ దాచుకొని దేహమునంతటిని ఉండగా చుట్టుకొనును. దీని స్వస్థలము ఆఫ్రికాలో పశ్చిమమున సెనెగాల్ మొదలు తూర్పున ఉగాండా వరకు వ్యాపించిన గడ్డిమైదానములు. ఘానా, టోగో, బెనిన్ దేశములనుండి ఈ పాములు ఏండ్ల తరబడి ఎగుమతి యగుచున్నవి. అక్కడ ఇది పగలెల్ల ఎలుక బొరియలలోను చెదపుట్టలలోను దాగియుండి, చీకటి పడిన పిదప వెలుపలికి వచ్చును. దీని ఆయుఃప్రమాణము సామాన్యమైనది గాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలకు 1961లో చేరిన ఒక ఆడపాము, అరువది రెండేండ్లకు తక్కువ కాదని అంచనా వేసిన వయస్సున, 2020లో గ్రుడ్లు పెట్టి అందరిని అచ్చెరువుగొల్పినది. అంతకాలము బ్రతుకు ప్రాణికి పెట్టెను అమర్చుటలో మొదటి దినమున మనము చేసిన లోపము, దిద్దువారు లేనిచో, దశాబ్దములు దానిని వేధించునని వేరుగా చెప్పనక్కరలేదు.

మన శరీరము తిన్న అన్నమునుండి వేడిమిని పుట్టించుకొని, మాఘమాసపు చలిలోనైనను రోహిణి కార్తె ఎండలోనైనను 37 డిగ్రీల సెంటిగ్రేడునకు సమీపముననే నిలుచును. పాము అట్టిది గాదు. దాని నెత్తురు, దాని కండరములు, దాని జీర్ణరసములు అన్నియు పరిసరముల వేడిమిని బట్టియే చురుకుగానో మందముగానో పనిచేయును. వేడిమి కొరకు ఆహారమును వ్యయము చేయనక్కరలేదు గనుకనే ఎదిగిన పాము వారమునకో, రెండు వారములకో ఒక ఎలుకను మ్రింగి సుఖముగా నుండగలుగుచున్నది. అయితే ఇట్టి జీవి పరిసరములకు కేవలము దాస్యము చేయునని తలచుట సరికాదు. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అను నిరువురు శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా ఎడారిలోని బల్లులను, పాములను పరిశీలించి, అవి ఎండలోనికి వచ్చుచు, నీడలోనికి పోవుచు, ఇసుకలో దూరుచు, తమ దేహోష్ణమును ఆశ్చర్యకరమైన నైపుణ్యముతో ఒక పరిమితిలో నిలుపుకొనునని 1944లో ప్రకటించిరి. చలికాలపు ఉదయమున మన పల్లెలలోని వృద్ధులు ఎండపొడ జరిగిన కొలది దాని వెంట నులకమంచమును జరుపుకొనుచు, ఎండ ముదిరినంతనే చూరు క్రిందికి చేరుట చూచినవారికి ఈ సరీసృపముల నేర్పు సులభముగా బోధపడగలదు. మంచమును జరుపుకొను చోటే లేకుండ చేసినచో ఆ నేర్పు నిరర్థకము.

ఇచట ప్రాసంగికముగా ఒక చిత్రమైన విషయమును చెప్పవలసియున్నది. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున మన దేశమునకు వచ్చిన లమార్ పికో అను ఫ్రెంచి యాత్రికుడు, ఇక్కడి పెద్ద కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని కోడివలెనే పొదుగుననియు, అప్పుడు దాని దేహము వేడెక్కుననియు చెప్పగా, పారిస్ పండితులు దానిని తోసిపుచ్చిరి. చల్లని రక్తముగల జంతువు వేడిమిని పుట్టించుట యెట్లని వారి వాదము. కాని 1841లో ఆ పారిస్ నగరముననే వాలెన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు పొదుగుచున్న ఒక కొండచిలువ చుట్టల నడుమ ఉష్ణమాపకము నుంచి చూచి, ఆ యాత్రికుని మాటయే సత్యమని నిరూపించెను. తరువాత న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో పరిశీలన జరిపి 1966లో ప్రకటించినవారు, ఆ తల్లిపాము కండరములను పదేపదే అదరించుకొనుటచే చుట్టునున్న గాలికన్న కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడిమిని సంపాదించుచున్నదని వివరించిరి. అయితే మన యింటి బాల్ పైథానుకు ఈ శక్తి లేదు. అది గ్రుడ్లను చుట్టుకొని కాపాడునే కాని, వెచ్చదనము కొరకు పూర్తిగా మన ఏర్పాటు మీదనే ఆధారపడును.

పాము చోటిని ఎంత సూక్ష్మముగా ఎన్నుకొనునో తెలియుటకు కాలిఫోర్నియాలోని ఈగిల్ సరస్సు చెంత రేమండ్ హ్యూయీయు, ఆయన సహచరులును గార్టర్ పాములపై జరిపి 1989లో ప్రకటించిన పరిశోధనకన్న మంచి నిదర్శనము నాకు కనబడదు. ఆ పాములు రాళ్ళక్రింద తలదాచుకొనును. పలుచని రాతి క్రింద మధ్యాహ్నమునకు ప్రాణాంతకమైన వేడి, వేకువకు గజగజ వణికించు చలి; మిక్కిలి దళసరి రాతి క్రింద ఎల్లప్పుడును చల్లదనమే గాని తగినంత వెచ్చదనము ఎన్నడును లేదు. నడిమి మందముగల రాళ్ళ క్రిందనే పాము దినములో అధికభాగము తనకు హితవైన వేడిమిలో గడుపగలదు. అక్కడ అన్ని మందముల రాళ్ళును సమృద్ధిగా నున్నను, పాములు ఎక్కువగా ఆ నడిమి రాళ్ళనే ఆశ్రయించియుండుట వారు కనుగొనిరి. మన పల్లెలలో పాము పుట్టను ఆశ్రయించుటలోను ఇట్టి ఔచిత్యమే కలదు: దళసరి మంటిగోడ పగటి ఎండను ఒక్కసారి లోనికి రానీయదు, రాత్రి చలికి ఒక్కసారి చల్లారదు.

ఇక పెట్టె సంగతి. ఎదిగిన బాల్ పైథానుకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టె యుచితము. పొడవు తక్కువైన పెట్టెలో వేడికొనకును చల్లనికొనకును భేదము నిలువదు. దీపము వెలిగించిన గంటకే రెండు కొనలును ఒక్కటియగును. వేడికొనలో పాము పరుండు నేల పైభాగమున 31 మొదలు 33 డిగ్రీల వరకు, అనగా ఫారెన్‌హీటు లెక్కలో 88 మొదలు 92 వరకు ఉండవలెను. చల్లనికొనలో 24 మొదలు 27 వరకు చాలును. నడుమ నున్న చోటు తనంతట తానే నడిమి వేడిమిలో నుండును. ఇవి బాల్ పైథాను లెక్కలు. అమెరికాలోనే పుట్టిపెరుగు కార్న్ స్నేక్ అను పామునకు రెండు కొనలును ఇంతకన్న రెండు మూడు డిగ్రీలు తక్కువగా నున్నను హితవే. ఏ జాతి పామును తెచ్చిరో ఆ జాతి స్వస్థలపు వాతావరణమును తెలిసికొని గాని పెట్టెను అమర్చరాదు.

ఈ లెక్క కుదిరినంత మాత్రమున పని ముగియదు. పెక్కుమంది చేయు లోపము ఒకటి కలదు: దాగుటకు గూడు ఒక్కటియే పెట్టుదురు. బాల్ పైథాను స్వభావముచే బిడియము గలది. నలుదిక్కుల గోడలు తన దేహమునకు తగులుచుండు ఇరుకైన చీకటి గూటిలో తప్ప అది నిబ్బరముగా నుండదు. ఆ ఒక్క గూడు చల్లనికొనలో నున్నయెడల, దేహమునకు వేడిమి ఎంత అవసరమైనను భయముచే బయటికి రాక చలిలోనే ముడుచుకొని యుండును. వేడికొనలో నున్నయెడల ఉడికిపోవుచునే అక్కడ పడియుండును. వెచ్చదనమునకును అభయమునకును నడుమ దానిని తేల్చుకొనుమనుట అన్యాయము. కావున ఒకే తీరు గూళ్ళు రెండు, ఒక్కొక్క కొనలో ఒక్కటి చొప్పున తప్పక ఉంచవలెను.

వేడిమిని కల్పించు సాధనములు పలువిధములు. పెట్టె క్రింద పరచు వేడిపలక, పైన వ్రేలాడు హాలోజన్ దీపము, వెలుగు లేక వేడినే యిచ్చు పింగాణీ బల్బు, ఇవి ప్రధానములు. సూర్యుని ఎండ పైనుండి పడి చర్మము లోనికి చొచ్చి కండరములను వేడిచేయును. హాలోజన్ దీపపు వేడి కొంతవరకు ఆ గుణము కలది. వేడిపలక ఇచ్చు వేడి పైచర్మమునే తాకును. కనుక పగటికి దీపము మేలనియు, రాత్రికి అవసరమైనచో పింగాణీ బల్బు మేలనియు నా అభిప్రాయము. రాత్రిపూట ఎర్రదీపములు, నీలిదీపములు వెలిగించు ఆచారమును మానుట మంచిది. చీకటిలో తిరుగు జంతువునకు చీకటి అవసరము. పింగాణీ బల్బు మిక్కిలి వేడెక్కును గనుక దానిని ప్లాస్టిక్ హోల్డరులో ఎన్నడును బిగింపరాదు, పింగాణీ హోల్డరే వాడవలెను. పెట్టె లోపల బిగించిన దీపమునకు చుట్టును తీగెవల తొడుగక తప్పదు, ఏలయన పాము దానిని పెనవేసికొనక మానదు. విద్యుత్తుతో వేడెక్కు కృత్రిమపు రాళ్ళను మాత్రము ఇంటిలోనికి రానీయకుడు.

వేడిమిని హద్దు మీరనీయక అదుపుచేయు థర్మోస్టాట్ అను యంత్రము లేని వేడిసాధనము పాముపెట్టెలో ఉండరాదు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినను తక్కువయే. అదుపులేని వేడిపలక పైభాగము 45 డిగ్రీలను దాటుట కద్దు. అంత వేడి తగిలినంతనే ఏ జంతువైనను తొలగిపోవును గదా యని మనము తలతుము. కాని పాము కడుపుచర్మము నేల వేడిని సకాలమున గుర్తించి తొలగిపోవునని నమ్మరాదు. అది కాలుచున్న చోటనే గంటల తరబడి కదలక పరుండుటయు, మరునాడు కడుపు పొలుసులు మొదట కందినట్లు ఎర్రబారి, పిమ్మట గోధుమరంగు తిరిగి పొక్కుటయు పశువైద్యులు తరచుగా చూచు విషయమే. ఆ గాయములు మానుటకు నెలలు పట్టును. ఎన్నిమారులు కుబుసము విడిచినను మచ్చ పోకపోవచ్చును.

థర్మోస్టాటునకు ఒక సన్నని తీగె, ఆ తీగె కొనయందు ఒక చిన్న గుండు ఉండును. యంత్రమునకు కన్నును చర్మమును అదియే. దానిని ఎక్కడ ఉంచితిరో అక్కడి వేడిమియే యంత్రమునకు తెలియును. వేడిపలక వాడువారు ఆ గుండును పలకకును గాజునకును నడుమ, దీపము వాడువారు దీపము క్రింద పాము పరుండు రాతిపైన, కదలకుండ బిగింపవలెను. బిగించుటకు పెట్టె లోపల జిగురుపట్టీని వాడరాదు. పాము పొలుసులు దానికి అంటుకొన్నచో చర్మము చిరిగిపోవును. ఒక్కొక్కప్పుడు పాము రాత్రి సంచారములో ఆ తీగెను లాగివేయును. గుండు పోయి నీటిగిన్నెలో పడును. నీరు చల్లగా నుండుటచే యంత్రము పెట్టె చల్లబడినదని భ్రమించి ఎడతెగక వేడిని పంపుచునే యుండును. ప్రతిదినము ఉదయమున ఆ గుండు తన చోట నున్నదా యని చూచుట గృహిణి పొయ్యి ఆర్పినదా యని చూచుకొనుటకన్న తక్కువ పని కాదు.

యంత్రముపై కనబడు అంకెను నమ్మి ఊరకుండుటయు ప్రమాదమే. వేరొక ఉష్ణమాపకముతో సరిచూచుకొనవలెను. పెట్టె గోడకు అంటించు గుండ్రని ముల్లుమీటరు చవుకయే కాని, అది గోడ వేడిమిని చూపును గాని పాము పరుండు నేల వేడిమిని చూపదు. చూపినదియు నాలుగైదు డిగ్రీలు తప్పుట కద్దు. పిస్తోలు ఆకారమున నుండి మీట నొక్కినంతనే నేల వేడిమిని తెలుపు పరారుణ ఉష్ణమాపకము నేడు అంగళ్ళలో దొరకుచున్నది. దానిని చేతబట్టి వేడికొననుండి చల్లనికొనకు జానెడుజానెడు జరుగుచు కొలిచినచో, దీపము క్రింద 33, దాని ప్రక్కన 31, నడుమ 28, నీటిగిన్నె చెంత 26, చివరి మూల 25 అని అంకెలు దిగుచు పోవుట కనబడవలెను. అట్లు దిగనిచో దీపము ఎత్తును మార్చుటయో, పెట్టె మూతను సవరించుటయో చేయవలెను. తీగెవల మూతగల అమెరికా గాజుపెట్టెలలో వేడియు తేమయు పైకి ఎగసిపోవును గనుక ఆ మూతలో దీపము లేని భాగమును పలకతో కప్పుటయు, మూడు ప్రక్కల గాజునకు దళసరి అట్టలు ఆనించుటయు మేలు. తేమ నూటికి అరువది పాళ్ళకు దిగువకు పోకుండ చూచినచో కుబుసము ఒక్క ముక్కగా ఊడును.

రాత్రివేళ వేడిమి కొంత తగ్గుట ప్రకృతిసిద్ధమే. కాని 24 డిగ్రీలకు దిగువకు పోనీయకుండుట మంచిది. చలిదేశములలో ఇది తేలిక గాదు. 2021 ఫిబ్రవరిలో మన తెలుగువారు వేలకొలది నివసించు టెక్సస్ రాష్ట్రమున మంచుతుపాను వచ్చి, లక్షలాది యిండ్లకు దినముల తరబడి విద్యుత్తు నిలిచిపోయినప్పుడు, మనుష్యులకే దుర్భరమైన ఆ చలిలో పెట్టెలలోని పాముల గతి యేమని తలచుకొన్నను మనస్సు చివుక్కుమనును. అట్టి ఆపద వచ్చినపుడు పెట్టెను దుప్పట్లతో కప్పి, గోరువెచ్చని నీటిసీసాలను మందపుగుడ్డలో చుట్టి ఒక మూల నుంచుటయు, విద్యుత్తు తిరిగి వచ్చువరకు పామునకు ఆహారము పెట్టకుండుటయు చేయదగినవి.

ఆహారము వలదనుటకు కారణము కలదు. పాము ఎలుకను నమలదు, మ్రింగును. కడుపులో అది కుళ్ళకముందే జీర్ణము కావలెను. బర్మా కొండచిలువలో భోజనానంతరము రెండు దినములలో గుండె కండరము నూటికి నలువది పాళ్ళు పెరుగునని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరనగా, ఆ జీర్ణక్రియ ఎంతటి మహాయజ్ఞమో ఊహింపవచ్చును. ఆ యజ్ఞమునకు వేడిమి కావలెను. అందుచేతనే తిన్న పాము వేడికొనకు చేరి కదలక పరుండును. చలిలో నున్నచో ఎలుక కడుపులోనే కుళ్ళి, పాము దానిని కక్కివేయును. ఎడతెగని చలి తగిలినచో ఊపిరితిత్తులు చెడి, పాము నోరు తెరచి ఆయాసపడును, ముక్కున బుడగలు వచ్చును. అప్పుడు దీపము పెంచి కూర్చుండక వెంటనే సరీసృపములను ఎరిగిన పశువైద్యునికడకు కొనిపోవలెను.

రోగమునందును ఈ యెన్నుకొను స్వేచ్ఛ ప్రాణమును నిలుపును. మిచిగన్ విశ్వవిద్యాలయములో మాథ్యూ క్లూగర్ బృందమువారు ఎడారి ఇగువానా అను బల్లులకు సూక్ష్మజీవులను ఎక్కించి చూడగా, అవి మామూలుకన్న రెండు డిగ్రీలు వేడియైన చోటికి తామే చేరి, జ్వరమును తామే తెచ్చుకొనినవి. అట్టి వేడిని పొందినవి ఎక్కువగా బ్రతికెను. చల్లని చోట బంధింపబడినవి ఎక్కువగా మరణించెను. 1975లో వెలువడిన ఈ ఫలితము బల్లులకు సంబంధించినదే యైనను, దానిని చదివిన పిదప ఒకే వేడిమిగల పెట్టెను చూచినప్పుడెల్ల నాకు ఔషధము తీసివేసిన రోగిగది కనబడును.

పాము తన నడవడిచేతనే మనకు వార్త పంపుచుండును. ఎల్లప్పుడు చల్లనికొననే అంటియుండి, నీటిగిన్నెలో మునిగి తేలుచున్నచో పెట్టె వేడెక్కినది. ఎల్లప్పుడు దీపము క్రిందనే యుండి, తిండి మానినచో చల్లబడినది. కొంతసేపు ఇచట, కొంతసేపు అచట నున్నచో ఏర్పాటు సరిగా నున్నది.

ఆంధ్ర, తెలంగాణములలో ఈ ప్రసంగమును వినుచున్నవారికి ఒక మాట. మన నాగుపామును గాని, జెర్రిపోతును గాని, కొండచిలువను గాని ఇంటిలో పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. విదేశపు బాల్ పైథానును ఉంచుకొనుటకును ప్రభుత్వమువద్ద నమోదు అవసరము. అట్లు నమోదు చేసికొని ఉంచుకొన్నవారు సయితము మే నెలను గూర్చి ముందే ఆలోచింపవలెను. థర్మోస్టాటు వేడిని ఆపగలదే కాని చల్లదనమును తేలేదు. గది గాలియే 40 డిగ్రీలను దాటినప్పుడు చల్లనికొన యనునది పెట్టెలో మిగులదు. ఆ దినములలో పెట్టెను శీతలయంత్రము గల గదిలో నుంచుట తప్ప వేరు మార్గము లేదు.

చివరిగా, పామును కొనుటకు పూర్వమే పెట్టెను కొనవలెను. దీపము, థర్మోస్టాటు, గూళ్ళు, నీటిగిన్నె అన్నియు అమర్చి, పాము లేకుండగనే ఒక వారము నడిపి చూడవలెను; ఉదయము, మధ్యాహ్నము, రాత్రి రెండు కొనల వేడిమిని కాగితముపై వ్రాసికొనవలెను; ఆ పని పిల్లలకే అప్పగించుట మంచిది. వారమంతయు అంకెలు స్థిరముగా నిలిచిన పిమ్మటనే పామును తీసికొనిరండు. తెచ్చినపిదప అయిదారు దినములు దానిని ముట్టక, తిండి పెట్టక విడిచి, ఏ గూటిని అది మొదట ఎన్నుకొనునో దూరమునుండి చూచుచుండుడు.